అడగడానికి ఇరవై మూడు మాటలు

అడగవలసిన చోట నోరు తెరిచి అడగడానికి మీకు ఎన్ని మాటలు కావాలి? ఒకటి చాలునంటారు కదా. తొందరపడకండి. మీరు ఇంతవరకు పెట్టిన అర్జీలు, రాసిన సెలవు చీటీలు, పై అధికారి గది బయట నిలబడి మనసులో వల్లె వేసుకున్న వాక్యాలు ఒకసారి గుర్తు తెచ్చుకుని అప్పుడు చెప్పండి. నా సంగతైతే ఇప్పుడే చెప్పేస్తాను. నాకు ఇరవై మూడు మాటలు పట్టాయి. ఆ ఇరవై మూడూ అయిపోయాక చూసుకుంటే, అడగవలసింది మాత్రం అడగలేదు.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, గోదావరిఖనిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడిని మంత్రాలు వచ్చినవాడిలాగా చూసేవారు. మంత్రాలకు చింతకాయలు రాలవని సభలు పెట్టి మరీ చెప్పిన నేను, ఆ ఒక్క మంత్రాన్ని మాత్రం నమ్మాను. పీయూసీ ఫెయిల్ కాకుండా గట్టెక్కి, ఉద్యోగం దొరక్క, బొగ్గుబాయిలో పనిచేసే మా బావ ఇంట్లో మకాం పెట్టిన ఇరవై ఒక్కేళ్ల వాణ్ని. నా ఆస్తి రెండు వస్తువులు. ఒకటి, మేం ముగ్గురం కలిసి పెట్టిన హేతువాద చర్చా సంఘం తాలూకు రేకు బోర్డు. (మూడో సభ్యుడు చర్చల్లో ఎన్నడూ నోరు విప్పలేదు. రేకు అతనిది కాబట్టి సభ్యత్వం ఇచ్చాం.) రెండోది, మంథనిలో మా హెడ్మాస్టరు బదిలీ మీద వెళుతూ ఇచ్చిపోయిన అట్ట లేని ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకం. ఒక మాటకు అదే అర్థం ఉన్న మాటలన్నీ అందులో వరుసగా ఉండేవి. మంచం మీద పడుకుని రోజుకొక మాట తీసుకుని దాని బంధువర్గాన్నంతా బట్టీ పట్టేవాణ్ని. మా అక్క విసుక్కునేది. "ఒక్క మాట సక్కగ మాట్లాడరాదు గని, దానికి ఇరవై మంది అన్నదమ్ములను పిలుస్తడు." వాడకట్టులో నా పేరు 'డిక్షనరీ' అని స్థిరపడింది. వెక్కిరింపని అప్పుడు తెలియలేదు. బిరుదనుకున్నాను.

మా పక్కింట్లో ఉండే ఆయన్ని వాడకట్టంతా కాక అని పిలిచేది. కమాన్‌పూర్ పక్క పల్లె నుంచి వచ్చి బాయిలో బొగ్గు నింపే పనికి కుదిరిన మనిషి. నవ్వుతూనే ఉండేవాడు, నవ్వినప్పుడు మాత్రమే ఆయన పళ్లు తెల్లవని తెలిసేది. నేను వచ్చిన ఏడాదే బాయిలో పైకప్పు నుంచి బండ జారి ఆయన కుడికాలు మీద పడింది. నెలల తరబడి దవాఖానలో ఉన్నాడు. ఎముక అతికింది, నడక వచ్చింది, మోకాలు మాత్రం కర్రలాగా నిలిచిపోయింది. కూర్చున్నా ఆ కాలు ముందుకు చాపి కూర్చోవలసిందే. అటువంటి కాలుతో ఇంక్లైన్ దిగడం, అంటే ఏటవాలు సొరంగంలో మెట్లు దిగి మళ్లీ ఎక్కడం, బండ జారినప్పుడు చటుక్కున వంగి పక్కకు తప్పుకోవడం కుదిరే పని కాదు. పైన ఏదైనా పని ఇస్తే నౌకరీ నిలుస్తుంది, ఇవ్వకపోతే నౌకరీ అయినా పోవాలి, మనిషయినా పోవాలి. దానికోసం మూడు అర్జీలు పెట్టాడు. మూడూ ఎక్కడికి పోయాయో తెలియదు. డాక్టరు ఫిట్ అని రాశాడు, సోమవారం పొద్దుటి షిఫ్టులో కిందికి దిగాలని కబురొచ్చింది. అప్పటికి గురువారం.

ఆ సాయంత్రం చిన్నమ్మ (కాక భార్యను నేను అలాగే పిలిచేవాణ్ని) మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ ఇంగిలీసు ఉత్తగ మంచం మీద పండుకునుడేనా, ఎవలకన్న పనికొచ్చేదున్నదా?" అంది.

"ఏం గావాలె చిన్నమ్మా?"

"మీ కాకకు అర్జీ రాయి. మూడు రాపిచ్చినం. నాలుగోది నువ్వు రాయి. సోమారం ఆయన కిందికి దిగుతె ఎక్కుతడో లేదో నాకు ఫికరు పట్టుకున్నది."

ఆ మూడు అర్జీలూ రాసింది అర్జీల పంతులు. నలభై ఏళ్లుగా అర్జీలే రాస్తూ వచ్చి, ఇప్పుడు పోస్టాఫీసు వరండాలో చాప మీద కూర్చుని అందరికీ రాసిపెట్టే మంథని పెద్దాయన. నేను హేతువాదినైనా, నన్ను చూస్తే "రా నాయనా, దేవుడు లేడా ఇయ్యాళ గూడ?" అని పలకరించేవాడు. ఆయన రాసిన మూడో అర్జీ నకలు కాక ట్రంకుపెట్టెలో దొరికింది. విప్పి చదివాను. చదువుతుంటే నా హేతువాద రక్తం ఉడికింది. 'తమ అతి వినమ్ర, విధేయ సేవకుడు తమ దయార్ద్ర పరిశీలన కొరకు ఈ కింది కొద్ది పంక్తులు విన్నవించుకోవడానికి బెగ్ చేస్తున్నాడు' అని మొదలైంది. తరువాత ఆ కొద్ది పంక్తులు పేజీ నిండా. పంక్తికొక బెగ్, పంక్తికొక ప్రే. తమ పిల్లాపాపలు చల్లగా ఉండాలని, తమ కీర్తి దశదిశలా వ్యాపించాలని, ఇందుకు ఎల్లకాలం ప్రార్థిస్తూ ఉంటానని ముగింపు. దేవుణ్నే ప్రార్థించకూడదని నేను ఊరూరా చెబుతుంటే, ఇక్కడ ఒక కార్మికుడి చేత మేనేజరును ప్రార్థింపజేస్తారా? ఆ పేజీలో ఇంకేముందో, ఏం లేదో చూసే ఓపిక నాకు లేకపోయింది. (ఈ వాక్యం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.)

మరునాడు పొద్దుటి షిఫ్టు వదిలేవేళ, బాయి గేటు ముందున్న చాయ్ హోటల్లో బెంచీ మీద నిలబడ్డాను. పదిహేను ఇరవై మంది పోగయ్యారు. కాక తన కాలు చాపుకుని ఎదురుగా కూర్చున్నాడు. చిన్నమ్మ బయట పందిరి గుంజను ఆనుకుని నిలబడింది. నా చేతిలో పుస్తకం.

"ఇంగ్లీషుల ఆస్క్ అని ఒక మాటున్నది. అడుగుడు అని అర్థం" అని మొదలుపెట్టాను. "దానికి ఇరవై రెండు మంది చుట్టాలున్నరు. అందరు ఒక్క తీరు గాదు. ఆస్క్ అంటె మనిషి నిటారుగ నిలవడి అడుగుడు. రిక్వెస్ట్ అంటె మెడ కొంచెం వంచుడు." మెడ వంచి చూపించాను. "సొలిసిట్ అంటె చేతులు కట్టుకునుడు. ఎంట్రీట్ అంటె నడుం వంచుడు." నడుం వంచాను, బెంచీ ఊగింది. "బిసీచ్ అంటె మోకాళ్ల మీద నిలవడుడు. ఇంప్లోర్ అంటె..."

"ఆగు పిలగా" అన్నాడు కాక. "మోకాలు దాక వచ్చినవా? ఇగ ఆడనే ఆగు. అవుతలియి నాతోని గావు."

హోటలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను కానీ ఉపన్యాసం ఆపలేదు. ఎవరో వెనక నుంచి, "డిమాండ్ అని గోడల మీద రాస్తరు గదా, గది ఏం చుట్టమైతది?" అని అడిగారు. పుస్తకంలో చూసి, అది కూడా ఆ కుటుంబమేనని, కాకపోతే కొంచెం ఎర్ర కళ్ల మేనమామలాంటిదని చెప్పాను.

"గది వద్దు" అన్నాడు కాక. "వందమంది చేస్తె బోనసస్తది. ఒక్కడు చేస్తె చార్జిషీటస్తది."

"డిమాండ్ గాదు కాకా. మనం ఆస్క్ చేద్దాం. నీ తాత దొర గడీ ముంగట బాంచెన్ అని వంగిండు. మీ నాయిన వంగిండు. నువ్వు బొగ్గు తవ్వి ఈ దేశానికి కరెంటు ఇస్తున్నవ్. నువ్వెందుకు వంగాలె?"

"నేను వంగుతనంటె గూడ కాలు వంగనిస్తలేదు గదా" అన్నాడు కాక తాపీగా.

అక్కడికక్కడే రాశాను. రాసి, ఒక్కో వాక్యానికి తెలుగు చెబుతూ చదివాను. నేను బెగ్ చెయ్యడం లేదు, ఎందుకంటే నేను భిక్షగాణ్ని కాను. నేను ప్రే చెయ్యడం లేదు, ఎందుకంటే మనిషి మనిషిని ప్రార్థించడం ఇద్దరికీ అవమానం. నేను ఎంట్రీట్ చెయ్యడం లేదు, బిసీచ్ చెయ్యడం లేదు, ఇంప్లోర్ చెయ్యడం లేదు... ఇలా ఒక్కో మాటనూ బోనెక్కించి, నేరం రుజువు చేసి, శిక్ష వేసి పంపించాను. మొత్తం ఇరవై రెండు. చివర, 'ఒక మనిషి మరొక మనిషిని అడిగినట్టు నేను మిమ్మల్ని ఆస్క్ చేస్తున్నాను' అని ముగించి, విధేయ సేవకుణ్ని కొట్టేసి కాక పేరు రాశాను. చప్పట్లు మోగాయి. హోటలాయన నాకు చాయ్ పోశాడు. పందిరి గుంజ దగ్గర చిన్నమ్మ ఏదో అంటున్నట్టు పెదవులు కదిలాయి, ఆ గోలలో వినబడలేదు. నేను వినే స్థితిలోనూ లేను. కాక వేలిముద్ర వేసి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బరువుగనే ఉన్నది" అన్నాడు సంతృప్తిగా.

శనివారం పొద్దున ఆఫీసుకు వెళ్లాం. చిన్నమ్మ బయట వేపచెట్టు కింద ఆగింది. లోపలికి వెళ్లేముందు కాక చెప్పులు విడిచాడు. నేను నా చెప్పులతోనే వెళ్లాలని ముందురోజే తీర్మానించుకున్నాను. గుమ్మం దాటాక చూసుకుంటే నా కాళ్లు ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడు విడిచానో ఈనాటికీ గుర్తు రాదు.

మేనేజరు చదువుకున్న మనిషి, అలసిన మనిషి. కాగితం తీసుకుని మొదటిసారి చదివాడు. కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు. గుమాస్తాను పిలిచి పాత ఫైలు తెప్పించి, అర్జీల పంతులు రాసిన మూడింటినీ, నేను రాసిన దానినీ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"ఈ మూడింట్లో ప్రాధేయపడుతున్నాడు" అన్నాడు. "ఈ నాలుగో దాంట్లో ప్రాధేయపడను, అడుగుతున్నాను అంటున్నాడు. బాగుంది. నాకూ ఇదే నచ్చింది. కానీ ఏం అడుగుతున్నాడు?"

నేను ఒంగి నా కాగితం చూశాను. ఇరవై మూడు మాటలూ ఉన్నాయి. కాలు లేదు. మోకాలు లేదు. బండ పడ్డ సంగతి లేదు. పైన పని కావాలని లేదు. సోమవారం అన్న మాటే లేదు. పంతులు రాసిన మూడింట్లోనూ లేవు. నాలుగు పేజీలు, ఒక మనిషి బతుకు వాటి మీద ఆధారపడి ఉంది, ఆ మనిషికి ఏం కావాలో నాలుగింట్లోనూ ఒక్క వాక్యం లేదు.

"ఎవరు రాశారిది?" అని అడిగాడు మేనేజరు. కోపంగా కాదు, తెలుసుకుందామని.

అప్పుడు జరిగింది చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. హేతువాద చర్చా సంఘం కార్యదర్శి, అంటే నేనే, నోరు తెరిచాడు. సర్, ఐ బెగ్ యువర్ పార్డన్ అన్నాడు. ఐ ప్రే అన్నాడు. ఐ బిసీచ్, ఐ ఎంట్రీట్, ఐ ఇంప్లోర్... హోటల్లో నేను శిక్ష వేసి పంపించిన మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. నడుం దానంతట అదే వంగింది. బెంచీ మీద కంటే చాలా బాగా వంగింది.

"చాలు బాబూ, చాలు" అన్నాడు మేనేజరు. నా పక్కన కాలు ముందుకు పెట్టి నిటారుగా నిలబడ్డ కాక వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నీకేం కావాలి?"

కాక ఒకసారి నా వంక చూశాడు, పాపం పిల్లగాడు అన్నట్టు. తరువాత చెప్పాడు.

"బాయిల బండ పడి నా మోకాలు వంగుత లేదు సారు. కిందికి దిగితె ఎక్కలేను. పైన ఏదన్న పని ఇయ్యుండ్రి. అడుగుతున్న."

మేనేజరు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ కాలు వంచమన్నాడు. కాక ప్రయత్నించాడు. కాలు రాలేదు, నుదుటి మీద చెమట వచ్చింది.

"మరి డాక్టరు ఫిట్ అని ఎలా రాశాడు?"

"నడువుమన్నడు, నడిచిన. వంగుమనలె."

"ఇన్ని నెలలూ నువ్వు ఎందుకు చెప్పలేదయ్యా ఈ మాట?"

"కాయితం చెప్తదనుకున్న సారు" అన్నాడు కాక.

మేనేజరు కలం తీశాడు. నేను రాసిన పేజీ కింద మిగిలిన ఖాళీలో రెండు పంక్తులు రాశాడు. మళ్లీ పరీక్ష అయ్యేదాకా కిందికి పంపవద్దని ఒకటి, ఈ లోగా దీపాల గదిలో వేయమని ఒకటి. (బాయిలోకి దిగేవాళ్లకు తల మీద పెట్టుకునే దీపాలు ఇచ్చి పుచ్చుకునే గది అది.) ఆ రెండు పంక్తుల్లో విశేషణం ఒక్కటి లేదు. రెండో పరీక్ష తరువాత ఆ పని ఆయనకే ఖాయమైంది. రిటైరయ్యేదాకా కాక అక్కడే ఉన్నాడు.

బయటికి వచ్చాక చిన్నమ్మకు చెప్పాం. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది, వెంటనే నా మీద పడింది. "నేను నిన్న హోటల్ కాడనే అడుగుదామనుకున్న. కాలు ముచ్చట యాడుంది పిలగా అని. అడిగిన గూడ. మీ సప్పట్లల్ల ఎవలిన్నరు?"

"తప్పయింది చిన్నమ్మా."

"తప్పుకు గూడ ఇరవై మాటలున్నయా నీ బుక్కుల? చెప్పకు. నడువు, బువ్వ తిందువు."

ఆదివారం పోస్టాఫీసు వరండాకు వెళ్లాను. పంతులు తాళం వేసిన తలుపు ముందు ఒక్కడే చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని నిలదీయాలన్న కోరిక ఇంకా చావలేదు నాలో. "మూడు అర్జీలల్ల ఏం గావాల్నో ఒక్క ముక్క రాయకపోతిరి, ఎందుకు పంతులుగారూ?" అన్నాను.

"నేను నేర్చుకున్నది గడీల కాలంల నాయనా" అన్నాడు. "అర్జీల ఇది గావాలె అని రాస్తె, దొరకే చెప్పొస్తివారా అని వీపు పగిలేది. అర్జీ అంటె వంగిన్నని చూపుడే. దొర చూసి, ఏందిరా అంటడు. అప్పుడు నోటితోని చెప్పుకోవాలె. గంతే."

"ఇక్కడ దొర లేడు. ఏందిరా అనేటోడు గూడ లేడు. కాయితం ఫైలుల పోతది."

"అవు. గది నాకు తెల్వలె." వెంటనే, "మరి నీకు గడీ లేకపాయె, దొర లేకపాయె. నువ్వెందుకు రాయలె?" అన్నాడు.

చర్చా సంఘంలో నన్ను ఎవరూ ఓడించలేదని చెప్పుకునేవాణ్ని. ఆ చాప ముందు నిలబడి జవాబు వెతుక్కున్నాను. ఆయన భయంతో రాయలేదు. నేను గర్వంతో రాయలేదు. ఆయన వంగడం చూపించుకోవడంలో, నేను వంగకపోవడం చూపించుకోవడంలో పేజీ నింపేశాం. మధ్యలో కాక మోకాలు ఎవరికీ కనిపించలేదు. అసలు అర్జీ ఎవరి గురించి? పంతులు రాసినవి మేనేజరు గురించి, నేను రాసింది నా గురించి.

ఆ తరువాత ఒక ఏడాదంతా ఆ ఒక్క మాట గురించే ఆలోచించాను. ఇంగ్లీషులో ఆస్క్ అన్నా, తెలుగులో అడగడం అన్నా, ప్రశ్న వేయడమూ అదే, కావలసింది కోరడమూ అదే. రెండు పనులకు ఒకే మాట ఉండడం ఏ పండితుడి పొరపాటూ కాదనిపించింది. ప్రశ్నించే హక్కు లేనివాడికి కోరే హక్కు ఎన్నడూ లేదు. డాక్టరును 'కాలు వంచి ఎందుకు చూడలేదు' అని అడగలేనివాడు, మేనేజరును 'పైన పని ఇవ్వు' అని అడగలేడు. చిన్నమ్మ హోటల్ బయట నిలబడి అడిగిన ప్రశ్న వినబడి ఉంటే, అర్జీ సరిగ్గా వచ్చేది. బెంచీ ఎక్కి ఆత్మగౌరవం గురించి ఉపన్యసిస్తున్న వాడు ఒక ఆడమనిషి అడిగిన మాట వినలేదు. నా సంస్కరణలన్నిటిలో పెద్ద చిల్లు అక్కడుంది. అది తెలియడానికి ఆ అర్జీ కావలసి వచ్చింది.

ఇప్పుడు నాకు వయసు మీద పడింది. చర్చలూ తగ్గాయి, గొంతూ తగ్గింది. మొన్నామధ్య మా వీధి మంచినీళ్ల గురించి మున్సిపాలిటీకి దరఖాస్తు రాశాను. పౌరుడి హక్కులు, పాలకుల బాధ్యతలు, నాగరికత పుట్టుపూర్వోత్తరాలు, అన్నీ వచ్చాయి. రెండు పేజీలయ్యాక మా మనుమరాలు చదివి, "తాతా, నీళ్లు ఎన్ని రోజుల నుంచి వస్తలేవో రాయవా?" అంది. ఆ పిల్ల అడిగిన మాట ఈసారి మాత్రం వినబడింది. నవ్వొచ్చింది. ఆ ఇరవై ఒక్కేళ్ల డిక్షనరీ ఇంకా నాలో ఎక్కడో బెంచీ మీద నిలబడి చప్పట్ల కోసం చూస్తూనే ఉన్నాడు. వాడి మీద కోపం రావడం మానేసి చాలా కాలమైంది. రెండు పేజీలూ పక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాసి పంపించాను.

మీ దగ్గర కూడా ఒక కాగితం ఉంటుంది. పంపనిదో, పంపి జవాబు రానిదో. పింఛనుదో, బదిలీదో, బడి ఫీజుదో, భూమి పట్టాదో. వెళ్లి తీయండి. మీకు ఏం కావాలో చెప్పే వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. దొరక్కపోతే, ఆ కాగితం మీ కోసం మాట్లాడుతుందని ఆశ పెట్టుకోకండి. పెన్ను తీసుకుని ఆ వాక్యాన్ని అన్నిటికంటే పైన రాయండి. మీ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి చదివి వినిపించి, ఏం రాయకుండా మిగిలిందో చెప్పమనండి. చెప్పింది చేర్చి, ఇవాళే పంపండి.